విశాలను బస్సు దించండి

గోదావరిఖని,
2-2-1975

శ్రీమతి చంద్రభాగ గారికి,

బొగ్గుగనుల కాలనీ నుంచి సుసన్నా టీచరు నమస్కరించి రాసే మాటలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ ‘ఊయల తోరణం’ సీరియల్లో ఆడవాళ్ళు మాత్రం క్షేమంగా లేరు. అందుకే ఈ ఉత్తరం.

ప్రతి శనివారం సాయంత్రం మా వరుస క్వార్టర్ల ఆడవాళ్ళు పదిహేను మంది నా అరుగు మీద చేరతారు. వాళ్ళకు చదువు రాదు. పత్రిక నేను చదువుతాను, వాళ్ళు వింటారు. మీ సీరియల్ మొదలై అరవై వారాలైంది. ఇప్పటికి అందులో తొమ్మిది మంది ఆడవాళ్ళు కళ్ళు తిరిగి పడ్డారు. తొమ్మిదిసార్లూ డాక్టరు నాడి పట్టి నవ్వాడు. మీ కథానాయిక విశాల ఆడపడుచు రెండో వారంలో నెల తప్పింది, ఆమెకు ఇప్పుడు ఐదో నెల. ఆమెతోపాటే నెల తప్పిన మా వరుస సారలమ్మ కనేసింది, ఆ పిల్లాడికి పళ్ళు కూడా వచ్చాయి.

అది మీ ఇష్టం. నేను అడిగేది విశాల గురించి. పెళ్ళయి పదకొండేళ్ళు, పిల్లలు లేరు. నిన్నటి భాగంలో ఆమె తన సొంత చెల్లెలినే మొగుడికి రెండో పెళ్ళాంగా అడగాలని నిర్ణయించుకుంది. ఆ పని ఆమెతో చేయించకండి. కనీసం ఒక ఆడమనిషి కడుపు జోలికి పోకుండా కథ నడపలేరా?

మీ జవాబు కోసం చూస్తూ,
సుసన్నా

తా.క. మొన్న మా ఆయన తీతు, జ్వరంతో కళ్ళు తిరిగి పడ్డాడు. పక్కింటి సమ్మవ్వ వచ్చి చూసి, “ఎన్నో నెలనో అడుగు టీచరమ్మ” అన్నది. ఇదంతా మీ సీరియల్ పుణ్యమే.

* * *

విజయవాడ,
8-2-1975

సోదరి సుసన్నా గారికి,

చంద్రభాగ ఆశీస్సులు. మీ ఉత్తరం నన్ను కదిలించింది. విశాల ఒడి ఖాళీగా ఉన్నందుకు మీరు పడుతున్న బాధ ప్రతి అక్షరంలోనూ కనిపించింది. బొగ్గు తవ్వే చోట కూడా ఇంత సున్నితమైన పాఠకులున్నారని తెలిసి పొంగిపోయాను.

మీరు దిగులు పడవద్దు. విశాల చెల్లెలికి పిల్లవాడు పుడతాడు. విశాల ఆ బిడ్డను ఒడిలో వేసుకుని లాలిపాట పాడుతుంది. మీ కోరిక ఇంత గట్టిది కనుక కవల పిల్లల్నే పుట్టిద్దామని ఈ ఉదయం నిర్ణయించాను.

సదా మీ అభిమానం కోరే,
చంద్రభాగ

తా.క. ఆడపడుచు నెలల లెక్క సరిచూస్తాను. మధ్యలో దీపావళి ప్రత్యేక సంచిక రావడంతో కొంత తేడా పడింది.

* * *

గోదావరిఖని,
12-2-1975

చంద్రభాగ గారికి,

నమస్కారం. కవల పిల్లల్ని దయచేసి వెనక్కి తీసుకోండి.

నేను సరిగ్గా చెప్పలేదు, తప్పు నాదే. ఇప్పుడు విడమరిచి రాస్తాను. మా వరుసలో మల్లక్క అని ఒక అమ్మాయి ఉంది. భర్త పోశం గనిలో బొగ్గు నింపే పని చేస్తాడు. వీళ్ళకూ పదకొండేళ్ళుగా పిల్లలు లేరు. పోశం తల్లే నేను రాసిన సమ్మవ్వ. మల్లక్కకు రామగిరిలో పెళ్ళి కాని చెల్లెలుంది. ఇక మీకు అర్థమయ్యే ఉంటుంది.

సమ్మవ్వ చెడ్డది కాదు. నాకు పచ్చకామెర్లు వస్తే నెల రోజులు నా నలుగురు పిల్లలకు వండి పెట్టింది. కానీ ఏడాదిగా మీ కథ విని విని, “పుస్తకంలనే ఉన్నది. మంచి పెండ్లామైతె తనే పోయి చెల్లెను అడుగుతది. ఇంకొకలు అడిగితె బాగుండది” అంటున్నది. అచ్చులో పడ్డదంటే ఆమెకు గొప్ప నమ్మకం. పోశం ఔననడు, కాదనడు. మల్లక్క నిన్న నాతో అన్నది: “విశాల అంత చదువుకున్నామె. ఆమెనే పోతున్నది. నేను పోతె తప్పేంది టీచరమ్మ?”

ఏడాదిగా ఆ కథను నా నోటితోనే కదా చదివి వినిపించాను. నాకు నిద్ర పట్టడం లేదు.

విశాలను ఆపండి. పుణ్యం కట్టుకోండి.

సుసన్నా

తా.క. ఒక పార్సిల్ కూడా వస్తుంది, కోపగించకండి. ఐదో నెల అని విని మా వాళ్ళు విశాల ఆడపడుచుకు ఒడిబియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పచ్చగాజులు మూటకట్టారు. అది కథ, అలాంటి మనిషి లేదని చెప్పాను. “మనిషే లేకుంటె గింత ముచ్చట ఎట్ల రాస్తది? వాళ్ల పక్కింట్లనే ఉంటది, రాసేటామె అందిస్తది” అన్నది సమ్మవ్వ. దయచేసి అందినట్టు రాయండి.

* * *

విజయవాడ,
18-2-1975

సోదరి సుసన్నా గారికి,

ఆశీస్సులు. మీ ఉత్తరం చదివి ఒళ్ళు గగుర్పొడిచింది. నా విశాల నిజంగానే జీవించి ఉందన్నమాట. నా రచనలు జీవితానికి దూరమని విమర్శకులు అంటారు. వారికి మల్లక్క గారే సమాధానం.

సంపాదకుల వారికి కూడా చెప్పాను. ఆయన ఎంతో సంతోషించారు. మల్లక్క గారు, ఆమె చెల్లెలు కలిసి ఉన్న ఫొటో ఒకటి పంపండి. చెల్లెలికి మల్లక్క గారు బొట్టు పెడుతున్నట్టుంటే మరీ మంచిది. ‘నిజజీవితంలో విశాల’ అని ముఖచిత్రంగా వేస్తారట. చెల్లెలిని అడగడానికి విశాల బస్సెక్కే భాగం ఈ శనివారం మీకు అందుతుంది. పై వారం చెల్లెలి ఇంట్లో ఆమెకు బొట్టు పెడుతుంది. దానికి చిత్రకారుడితో మాట్లాడి బొమ్మ కూడా వేయించాను.

మీ మేలు కోరే,
చంద్రభాగ

తా.క. పార్సిల్ చేరింది. కానీ నాకు ఏ విశేషమూ లేదని మీ వారందరికీ దయచేసి తెలియజేయండి. మూట విప్పేసరికి మా ఇంట్లో కొంత ఇబ్బంది కలిగింది.

* * *

గోదావరిఖని,
22-2-1975, శనివారం

చంద్రభాగ గారికి,

ఫొటో పంపను. మీ మీద ఉన్న కోపం తరువాత రాస్తాను, ఇప్పుడు సమయం లేదు.

ఈ సాయంత్రం నేను ఒక పని చేశాను. పత్రికలో విశాల బస్సెక్కింది. నేను ఎక్కనివ్వలేదు. పత్రిక ముఖానికి అడ్డం పెట్టుకుని, లేని మాటలు చదివాను. విశాల బస్టాండులో కూర్చుంది, రెండు బస్సులు వచ్చి పోయాయి, ఆమె లేచి ఇంటికొచ్చి మొగుడితో ఇలా అన్నది: “రెండో పెళ్ళి కావాలంటే మీరే వెళ్ళి అడగండి. నేను అడగను.” ఇదంతా నేనే కల్పించాను. పిల్లలకు అబద్ధం ఆడకూడదని బడిలో చెప్పే మనిషిని, తడబడకుండా చదివేశాను. మల్లక్క తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపు కోసం ఇంకో పది అబద్ధాలైనా ఆడేదాన్ని.

దొరికిపోయాను. సమ్మవ్వ పత్రిక లాక్కుని బొమ్మ చూసింది. “బొమ్మల బస్సుల కూసున్నది. నువ్వేమో ఎక్కలేదంటివి. ఏంది గిది?” అన్నది. బొమ్మల సంగతి నేను ఆలోచించనే లేదు. “ఎక్కింది గానీ మధ్యలో దిగుతుంది, అది వచ్చే వారం వస్తుంది” అని నోటికొచ్చింది చెప్పాను.

ఇప్పుడు పంచాయితీ తేలింది. వచ్చే శనివారం నేను చదవకూడదు. గనిలో హాజరు వేసే టైం ఆఫీసు గుమాస్తా లింగమూర్తి చదువుతాడు. ఆయన ఉన్న అక్షరం విడిచిపెట్టడు, లేని అక్షరం చదవడు. పుస్తకం ఏం చెబితే అదే చేయాలని సమ్మవ్వ అందరి ముందు అన్నది. మల్లక్క సరేనన్నది. రామగిరికి మూట కూడా కట్టుకుంది.

అందుకని మిమ్మల్ని బతిమాలుతున్నాను. తొమ్మిది మంది కడుపులూ మీ ఇష్టం, కవల పిల్లలూ మీ ఇష్టం. వచ్చే వారం విశాలను బస్సు దించండి. అంతే చాలు.

సుసన్నా

తా.క. తీతు సైకిలు మీద రామగుండం స్టేషనుకు పోయి, రైలు టపా పెట్టెలోనే ఈ కవరు వేస్తానన్నాడు. ఇంకా జ్వరం పూర్తిగా తగ్గలేదు. దారిలో కళ్ళు తిరిగితే అది జ్వరమేనని నమ్మండి.

* * *

గోదావరిఖని,
2-3-1975

పూజ్యులైన చంద్రభాగ గారికి,

దిగింది.

లింగమూర్తి కళ్ళద్దాలు తుడుచుకుని చదవడం మొదలుపెట్టాడు. విశాల కండక్టరును బస్సు ఆపమన్నది. “మీ ఊరు ఇంకా రాలేదమ్మా” అన్నాడు. “తెలుసు, ఆపండి” అన్నది. నడిచి ఇంటికొచ్చి మొగుడితో చెప్పిన మాట నేను కల్పించిన మాటే, ఒక్క అక్షరం తేడా లేదు. నేను రాసి పంపిందే మీరు వేశారు. మీ చేతులకు మొక్కుతాను.

ఒక్కటే అర్థం కాలేదు. బొమ్మలో మాత్రం విశాల చెల్లెలికి బొట్టు పెడుతున్నది. సమ్మవ్వ వెంటనే వేలు పెట్టి చూపించింది. లింగమూర్తి కాసేపు చూసి, “బొమ్మ తప్పు అవ్వ. రాసిందే లెక్క” అన్నాడు. గుమాస్తా మాట కాబట్టి ఊరుకుంది.

మల్లక్క ఇంట్లోకి పోయి రామగిరి మూట తెచ్చి విప్పింది. అందులో చెల్లెలి కోసం చేసిన సకినాలున్నాయి. అందరికీ పంచింది. చివరికి పోశం ముందు గిన్నె పెట్టి, “నువ్వే పోయి అడుగుతవా?” అన్నది. పోశం తల అడ్డంగా ఊపాడు. రెండు సకినాలు తిని డ్యూటీకి పోయాడు.

ఎప్పటికీ మీకు రుణపడిన,
సుసన్నా

తా.క. సమ్మవ్వ కూడా సకినాలు తిన్నది. “మల్ల వారం చూద్దాం” అన్నది.

* * *

విజయవాడ,
5-3-1975

అక్కయ్యా,

మిమ్మల్ని ఇలా పిలవవచ్చో లేదో తెలియదు. మీకు ఇంతకు ముందు ఈ ఇంటి నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. అవి నేను రాసినవి కాదు. చంద్రభాగ అనే ఆడమనిషి లేదు. మా వారి పేరు వేంకటరత్నం, మునిసిపాలిటీలో ఉద్యోగం. ఆడవాళ్ళ పేరుంటే సీరియల్ బాగా పోతుందని సంపాదకులు పెట్టిన పేరు అది. ఒక్కొక్కరు నెల తప్పినప్పుడల్లా పత్రిక ఎక్కువ అమ్ముతుందని చెప్పేదీ ఆ సంపాదకులే.

మా వారి దస్తూరి కంపోజిటర్లకు అర్థం కాదు. అందుకని ప్రతి సోమవారం రాత్రి నేను శుభ్రంగా తిరగరాసి, మంగళవారం ప్రెస్సుకు పంపుతాను. ఆయన మళ్ళీ చూడరు, నా మీద అంత నమ్మకం. ఆ తొమ్మిది మందినీ ఈ చేత్తోనే రాశాను.

మా పెళ్ళయి పన్నెండేళ్ళు. పిల్లలు లేరు. మా అత్తగారికి చూపు ఆనదు. పత్రిక రాగానే సీరియల్ నేనే చదివి వినిపించాలి. విశాల చెల్లెలి సంగతి వచ్చినప్పటి నుంచి ఆవిడ చాలా శ్రద్ధగా వింటున్నారు. నాకూ ఒక చెల్లెలుంది.

మీ మూట వచ్చిన రోజు ఆవిడ గాజులు తడిమి చూసి, నా తల మీద చెయ్యి పెట్టారు. పన్నెండేళ్ళలో అదే మొదటిసారి. ఆ మూట నాకు కాదని, కథలోని విశాల ఆడపడుచుకని చెప్పాల్సి వచ్చింది. నాకు చచ్చిపోవాలనిపించింది.

విశాలను బస్సు దించమన్న మీ ఉత్తరం కిందటి వారం సోమవారం సాయంత్రం వచ్చింది. ఆయన ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. కవరు నేనే విప్పాను. చదువుతూ మీరు మార్చారు కదా, తిరగరాస్తూ నేను ఎందుకు మార్చకూడదు అనుకున్నాను. ఆయన రాసిన పేజీలు పొయ్యిలో వేసి, మీ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాను. బొమ్మ అప్పటికే వేసేశారు, అది నా చేతిలో లేదు.

ఆ భాగం మా అత్తగారికి చదివి వినిపించాను. విని ఆవిడ “దూరం నడిచిందా పాపం?” అని అడిగారు.

ఆయన పత్రిక చూసుకుని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నం తింటూ, తల ఎత్తకుండా, “అయితే ఇప్పుడు విశాల ఏం చేస్తుంది?” అన్నారు. నాకు తెలియదు. ఈ వారం భాగం ఆగిపోయింది, వచ్చే సోమవారం లోపల పేజీలు సిద్ధం కావాలి. మల్లక్కను అడిగి వెంటనే రాయండి.

మీ చెల్లెలు,
భ్రమరాంబ

తా.క. ఒడిబియ్యం వండుకున్నాం. గాజులు నేను తొడుక్కున్నాను, సరిగ్గా సరిపోయాయి. అందినట్టు సమ్మవ్వ గారికి చెప్పండి.