విచారణ గదిలో తోడు

సెక్టర్ 7, మంగళవారం రాత్రి

నా ఆటల పీరియడ్‌లో పింకీ అనే పిల్ల పడి చెయ్యి విరిగినందుకు ఈరోజు స్కూల్లో నన్ను విచారించారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. "ఒక్కదానివే వెళ్ళకు, విచారణకి తోడు తెచ్చుకోవచ్చని రూల్ ఉంది" అని మా టీచర్ల యూనియన్ శుక్లా దీదీ నిన్న చెప్పేదాకా నాకా సంగతే తెలీదు. దీదీయే వచ్చి నా పక్కన కూర్చుంది. హెడ్మాస్టర్ గారు గొంతు పెంచితే, "సర్, ముందు ఆవిడని చెప్పనివ్వండి" అంది. అప్పుడు నాకు నోరు పెగిలింది. గ్రౌండ్ తడిగా ఉందని నేను ముందే చెప్పినా ఆయనే ఆడించమన్నారని చెప్పేశాను. ఉద్యోగం నిలిచింది.

బయటికొచ్చి దీదీ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. "ఛాయ్ తాగుదాం పద, బహెన్" అంది. ఆ రుణం ఎలా తీర్చుకోను?

పింకీ చేతికి ఇంకా కట్టు ఉంది. రేపు చూసిరావాలి. వాళ్ళమ్మ ఏటంటాదో...