మూడున్నర బస్సు, సెలైన్ సీసా

జ్యోతి నాన్నగారూ,

మీరు నిద్రలో ఉండగానే జగ్గయ్యపేట డిపోకి వెళ్తున్నా. మన జ్యోతికి ఇవాళే బస్సు ఇచ్చారు! డ్రైవరుగా మొదటి ట్రిప్పు! నేను ముందు సీట్లోనే కూర్చుంటా.

మూడున్నరకి నందిగామలో మన కిటికీ ముందు నుంచే వస్తుంది. అందుకే మంచం జరిపించా. సెలైన్ త్వరగా ఎక్కాలని గొట్టం మీది చక్రం తిప్పకండి. మొన్న తిప్పి ఆయాసంతో ఎంత హడలగొట్టారో! చెయ్యి వాచినా, చలి పుట్టినా, సీసా అయిపోవస్తున్నా పక్కగదిలో కృపావతి సిస్టర్‌ని కేకెయ్యండి. లేచి గుమ్మంలోకి పరుగెత్తకండి.

"ఆడపిల్లకి స్టీరింగేంటి" అన్నది మీరే. అయినా మీకోసం మూడుసార్లు హారన్ కొడతానంది.

రోజారమణి

మరిచిపోయా, సూది కుడిచేతికి ఉంది. ఎడమచెయ్యి ఊపండి.