చెవి పట్టుకుని తినే పిల్ల

చిరంజీవి తమ్ముడికి,

అక్క మనసారా దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ మీ బావా కులాసాగానే ఉన్నాం. నువ్వూ ఒళ్లు జాగ్రత్తగా చూసుకుంటూ, వేళకింత తింటున్నావనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం ఎప్పుడో అందింది. జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. మీ బావ మోకాలు నయం. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడని, నేల మీద పనులు కూడా మానేశాడు. కొత్త ఓవెన్ పెట్టించాం. పాతది ఒక పక్కే మాడ్చేది, ఇది పక్షపాతం లేకుండా రెండు పక్కలా మాడుస్తుంది. చివర్లో నువ్వు అడిగిన ఆ ఒక్క మాటకీ జవాబు చెబుతాను. దానికి ముందు ఒక వంట సంగతి చెప్పాలి.

మా వీధి చివర మందుల దుకాణం ఉంది చూడు, వాళ్లబ్బాయి పుట్టినరోజుకి వంట ఒప్పుకున్నాను. పిల్లల పార్టీ అంటే తినేది పిడికెడు, పారబోసేది గంపెడు. ఆ తల్లి అన్నీ మాట్లాడుకుని, గడప దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"మావాడి క్లాసు పాప ఒకతి వస్తుందండీ. పాలు, గోధుమ పడవు. వెన్న, నెయ్యి, మైదా ఏదీ కుదరదు. మీరేం శ్రమపడకండి, ఎక్కడికెళ్లినా తన డబ్బా తనే తెచ్చుకుని ఓ మూల కూర్చుని తినేస్తుంది పాపం."

పాలు పడవనగానే నాకు నీ కూతురు గుర్తొచ్చింది. దాచడం దేనికి, పిల్లకి పాలు పడకపోవడమేమిటని నువ్వు ముక్కు మూసి తాగించడం, అది కక్కడం, దాని తల్లి ఏడవడం అన్నీ కళ్ల ముందు మెదిలాయి. ఆ తగువు పెరిగి పెరిగి ఎందాకా పోయిందో నీకు చెప్పక్కర్లేదు. పుండు మీద కారం చల్లాలని కాదురా, ముక్కూమొహం తెలియని పిల్ల కోసం నేనెందుకంత పట్టుపట్టానో నీకు తెలియాలని రాస్తున్నాను.

"డబ్బా వద్దని చెప్పండి. అందరూ తినేదే ఆ పాపా తింటుంది" అన్నాను.

మీ బావ ఊరుకుంటాడా. "ఒక్కర్తి కోసం అందరికీ పథ్యమా? దానికి విడిగా ఓ చిన్న కేకు చేసెయ్" అన్నాడు. విడిగా చేస్తే అదీ డబ్బాయే కదా!

బియ్యప్పిండి, కొబ్బరిపాలు, బాగా మగ్గిన అరటిపళ్లు, గుడ్లు, నూనె. మొదట చేసిన కేకు తలుపుకి అడ్డం పెట్టుకోవడానికి బాగుంటుంది. రెండోది పొంగినంత పొంగి, బయటికి తీయగానే కుంగిపోయింది. బియ్యప్పిండిని కాసేపు నాననివ్వాలని అప్పుడు తెలిసింది. మైదా డబ్బా పక్కింటికి పంపేసి, బల్లలు కడిగి, గరిటెలు మరగబెట్టాను. జల్లెడ మాత్రం కొత్తది కొన్నాను. పాతదాని కన్నాల్లో ఇరుక్కున్న మైదా ఎంత తోమినా వదలదు.

పార్టీ రోజు ఆ పాప వచ్చింది. అలవాటు కొద్దీ డబ్బా తెచ్చుకుంది, ఎవరూ చెప్పకుండానే మూల కుర్చీలోకి వెళ్లి కూర్చుంది. నేనే పళ్లెం తీసుకెళ్లాను.

"ఇందులో పాలు లేవా ఆంటీ?"

"లేవమ్మా."

"వెన్న?"

"లేదు. గోధుమని అసలు గుమ్మమే తొక్కనివ్వలేదు."

"మరి వాళ్లు తినేది?"

"అదీ ఇదే."

నమ్మలేక మిగతా పిల్లల పళ్లాలన్నీ ఒక్కొక్కటే చూసింది. తర్వాత డబ్బా కుర్చీలోనే వదిలేసి, వెళ్లి వాళ్ల మధ్యలో ఇరుక్కుని కూర్చుంది. కేకు ముక్కని ముందు వాసన చూసింది. ఎడమ చేత్తో చెవి తమ్మె పట్టుకుని తినడం మొదలుపెట్టింది.

మంచినీళ్లు పోయబోయిన జగ్గు నా చేతిలోనే ఉండిపోయింది. "చెవి పట్టుకుని తింటావేంట్రా, గుంజీలు తీయమన్నానా?" అని అమ్మ నిన్ను ఎన్నిసార్లు కసిరిందో! నిన్ను చూసి నేర్చుకుందామన్నా, మీరు విడిపోయేనాటికి అది నోటికి ముద్ద అందించుకునే పిల్ల కూడా కాదు. రక్తం ఊరుకోదురా.

జగ్గు అక్కడే పెట్టేసి వాళ్ల వంటింట్లోకి వచ్చేశాను. వెనకాలే, "వదినా" అని వినిపించింది. గుమ్మంలో నీ భార్య. ఇప్పుడు నేను మరదలనవచ్చో లేదో గానీ, తను మాత్రం ఇంకా వదినా అనే పిలిచింది. నీ ఆరోగ్యం అడిగింది. వచ్చే వారం తన ఇప్పటి భర్తకి బదిలీ, దూరం వెళ్లిపోతున్నామంది.

"దానికేమీ గుర్తులేదు వదినా. ఈయన్నే నాన్నా అంటుంది. ఈయన కూడా కన్నబిడ్డలాగే చూసుకుంటారు. ఎప్పటికైనా చెప్పాల్సిందే, నాకే నోరు రావట్లేదు. మీకు చెప్పాలనిపిస్తే చెప్పండి, నేను అడ్డు రాను. మీరైతే మెత్తగా చెబుతారు" అని కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

కాసేపటికి పాపే వచ్చింది, ఖాళీ పళ్లెంతో.

"ఇంకో ముక్క ఉందా ఆంటీ? అందరూ రెండోసారి తింటున్నారు."

పెద్ద ముక్కే కోసి పెట్టాను. నిలబడే తింటూ, "మీ ఇంట్లో కూడా ఎవరికైనా పాలు పడవా?" అని అడిగింది.

"మా తమ్ముడి కూతురికి పడవు."

"తనకీ ఈ కేకు చేసిపెట్టారా?"

"పెట్టానమ్మా."

"ఎక్కడుంటుంది?"

నోటి దాకా వచ్చింది తమ్ముడూ. ఇంతలో హాల్లోంచి పిల్లలు "నువ్వు రాకుండా ఆట మొదలెట్టం, రావే" అని కేకేశారు. వాళ్ల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూస్తూ, నా జవాబు కోసం ఒంటికాలి మీద ఊగుతూ నిలబడింది.

"వెళ్లమ్మా, నీ కోసం ఆగారు" అన్నాను. పరుగెత్తింది.

పాప ఎప్పుడైనా కనిపిస్తే నాన్న ఉన్నాడని ఒక్క ముక్క చెప్పమన్నావు. చెప్పలేదు. తల్లి వద్దనలేదు, తనని నిందించకు. ఆపుకున్నది నేనే. ఆ పూట పాప అందరిలో ఒకతి అయింది. నేను నోరు విప్పితే, నా చేతులతో నేనే దాన్ని మళ్లీ మూల కుర్చీలో కూర్చోబెట్టినదాన్నయ్యేదాన్ని. ఇంకో సంగతి కూడా ఉంది. వెంటనే రాస్తే నువ్వు రెక్కలు కట్టుకుని వాలతావని, వాళ్లు ఊరు దాటేదాకా ఉత్తరం రాయకుండా కూర్చున్నాను. తిట్టుకో, పడతాను. చెప్పి ఉంటే తప్పో, చెప్పకపోవడం తప్పో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. వంట చేస్తూ చేస్తూ ఏడుపొస్తోంది, ఉల్లిపాయలని మీ బావకి చెబుతున్నాను.

నువ్వు పాప కోసం ఎప్పుడో పంపిన గౌను బీరువాలోనే ఉంది. ఇప్పుడది దానికి భుజాలు కూడా దాటదు. అంత ఎదిగింది, నీలాగే పొడుగు మనిషి అవుతుంది.

ఆటల్లో పడి డబ్బా మర్చిపోయి వెళ్లింది. మూత కూడా తీయలేదు. తిరిగి పంపాల్సింది, పంపలేదు. కడిగి గౌను పక్కనే పెట్టుకున్నాను.

ఇట్లు,
నీ అక్క,
నీ కూతురి మేనత్త.