మందా, ఉత్త నీళ్ళా

మంగళవారం, తిరుపతి

పెదవి చిట్లింది. ఇంకా మండుతోంది.

నగరిలో మరమగ్గాలు నడిపే మునిరత్నం మా సైనస్ మందు పరిశోధనలో చేరిన రోగి. నిన్న ఆస్తమా ముదిరి ఐసీయూలో పడ్డాడు. పొద్దున వాళ్ళన్న నా గదిలోకొచ్చి, కాలర్ పట్టుకుని నన్ను గోడకేసి కొట్టాడు.

"నా తమ్ముడి ముక్కులో కొట్టించింది మందా, ఉత్త నీళ్ళా? సెప్పు సార్."

సగం మందికి మందు స్ప్రే, మిగతావాళ్ళకు ఉప్పునీళ్ళ స్ప్రే ఇస్తున్నాం. ఎవరికి ఏది వెళ్ళిందో డాక్టర్లకూ తెలియకూడదు.

"నాకూ తెలీదప్పా," అన్నాను.

"తెలీకనే ఇచ్చినావా?" అంటూ మూతి మీద గుద్దాడు. సెక్యూరిటీవాళ్ళు అతన్ని కిందపడేసి, నేను వద్దని అరుస్తున్నా, నెత్తురొచ్చేలా తన్నారు.

రోగికి ప్రాణాపాయమైతే ఆ గుట్టు విప్పొచ్చు కాబట్టి, సాయంత్రం ఆ వివరం తెప్పించుకున్నాను. మునిరత్నానికి వెళ్ళింది మందే, ఇన్నేళ్ళూ నేను నమ్ముకున్న మందు. నీళ్ళయినా బాగుండేదని అప్పటినుంచీ అనుకుంటున్నాను.