బొట్టు పెట్టి పిలిచిన ఫోను

మోవా, రాయ్‌పూర్
జూన్ 2015

ఏమే షారోనూ,

ఫోన్లు అమ్ముకుని బతికేదాన్ని నేను. నా ప్రాణస్నేహితురాలికి మాత్రం కాగితం మీద రాయాల్సిన గతి పట్టింది. బస్తర్ అడవిలో ఆ ఆసుపత్రి తప్ప నీకు నర్సు ఉద్యోగం ఇంకెక్కడా దొరకలేదా తల్లీ? అక్కడ ఫోను టవరు పెట్టేదాకా ఈ ఉత్తరాలే మనకి దిక్కు.

బెంగళూరులో నలుగురు కుర్రాళ్లు కలిసి పెట్టిన టిమ్‌టిమ్ అనే ఫోన్ల కంపెనీలో చేరానని చెప్పాను కదా. రాయ్‌పూర్‌లో దాని ప్రచారమంతా నా నెత్తిన పెట్టారు. ఈ ఫోను కొట్లో దొరకదు, ఇంటర్నెట్‌లోనే కొనాలి. అదీ కంపెనీ ఆహ్వానం పంపిన వాళ్లే కొనాలి. బెంగళూరులో ఆ ఆహ్వానం కోసం కుర్రకారు కొట్టుకు చస్తున్నారట. మా బాస్ హేమంత్ మాటలు నమ్మి నేనూ ఊరందరికీ మెసేజీలు పంపించి, శంకర్ నగర్‌లో హాలు తీసుకుని, ఫోన్లు వరసగా పేర్చి కూర్చున్నాను. వచ్చింది ఎవరనుకున్నావు? సమోసాలు తెచ్చినవాడూ, ఫ్యాను బాగుచేసేవాడూ. వాళ్లు కూడా ఏసీ కోసం కాసేపు కూర్చుని వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుంటే అమ్మ అసలు సంగతంతా అడిగి తెలుసుకుని తిట్టింది. "మెసేజీ పంపితే ఎవులొస్తారే? మనింటి పేరంటానికి మెసేజీ పంపుతామేటి? ఎల్లి బొట్టెట్టి పిలవాల. అప్పుడు రాకపోతే ఆలకే మొకం సెల్లదు."

మర్నాడు పొద్దున్నే పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని మా అమ్మ గంగాభవానమ్మగారు బయల్దేరారు. మన తెలుగు రైల్వే వాళ్ల ఇళ్లన్నీ అయ్యాక హిందీ వాళ్ల ఇళ్లకి కూడా వెళ్లింది. మీ అమ్మ రత్నకుమారి ఆంటీకి, చర్చికి వెళ్లే మనిషని, బొట్టు పెట్టకూడదు కదా, అందుకని ఆవిడ చేతిలో గులాబీ పెట్టి పిలిచింది. మధ్యాహ్నానికి మా ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు. ఒక చేత్తో శనగలు, ఇంకో చేత్తో ఫోను. ఒకరి ఫొటో ఒకరు తీసుకుని, బాగా రాకపోతే మళ్లీ తీయించుకుని, నవ్వులే నవ్వులు. పక్కింటి ప్రీతి అంది, "ఆంటీజీ ఖుద్ బులానే ఆయీ థీ, కైసే నహీ ఆతే?" తనే స్వయంగా వచ్చి పిలిస్తే రాకుండా ఎలా ఉంటాం అని.

వాళ్లందరికీ ఆహ్వానాలు నేనే అక్కడికక్కడ పంపాను. వాళ్లు కొన్నారు, వాళ్ల చెల్లెళ్లు కొన్నారు, ఆడపడుచులు కొన్నారు. ఇప్పుడు కంపెనీలో రాయ్‌పూర్ పేరు మోగిపోతోంది. హేమంత్ దీనికి బొట్టు మార్కెటింగ్ అని పేరు కూడా పెట్టాడు. అమ్మ కాలనీలో నడుస్తుంటే చూడాలి నువ్వు, పెళ్లికూతురి తల్లి కూడా అలా నడవదు.

గర్వంతో గాల్లో తేలుతున్న
నీ ఫణిశ్రీ

*

మోవా
ఆగస్టు చివర

షారోనూ,

ఈసారి నవ్వించలేను, ఏమీ అనుకోకు.

వానలు మొదలయ్యాక మా ఫోన్లకి రోగం పట్టుకుంది. అవతలి వాళ్ల మాట మనకి వినిపిస్తుంది, మన మాట అవతలికి పోదు. లోపలున్న మైకు చెమ్మకి చచ్చిపోతోంది. రిపేరు కావాలంటే ఫోనుని పెట్టెలో పెట్టి బెంగళూరుకి పంపాలట. ఆడవాళ్లు పెట్టెలూ కట్టలేదు, కంపెనీకి ఫిర్యాదూ చేయలేదు. తిన్నగా మా ఇంటికొచ్చారు. ఎందుకు రారు? కంపెనీ మొహం ఎవరు చూశారు, పిలిచింది మా అమ్మ.

ఎవరూ గట్టిగా ఒక్క మాట అనలేదే. అదే అమ్మని చంపేసింది. మాలతి అత్తయ్య గుమ్మంలో నిలబడి, "పోన్లే వదినా, నువ్వు మాత్రం ఏటి సేస్తావు" అని వెళ్లిపోయింది. శ్రావణ శుక్రవారం నాడు ఆవిడ కూతురు వచ్చి అమ్మకి బొట్టు పెట్టి పేరంటానికి పిలిచింది. అమ్మ ఒంట్లో బాగోలేదని చెప్పి వెళ్లలేదు. జ్వరం లేదు, దగ్గు లేదు. వంట చేసి, గిన్నెలు కడుక్కుని, వీధి తలుపు వేసుకుని కూర్చుంది. పిలిచిన చోటికి అమ్మ వెళ్లకపోవడం నా జన్మలో ఎప్పుడూ చూడలేదు. స్నానాలగదిలోకి వెళ్లి ఏడ్చేశాను.

ఊళ్లో రిపేరు కేంద్రం పెట్టమని హేమంత్‌ని బతిమాలాను. ఒక్క ఊరి కోసం కుదరదు, కంపెనీ ఇప్పుడిప్పుడే ఎదుగుతోంది అన్నాడు. మా అమ్మ మాట మీద ఎదిగి, మా అమ్మని తలుపు చాటున కూర్చోబెట్టిన కంపెనీ నాకెందుకు? మానేస్తానని హేమంత్‌కి చెప్పేశాను. ఉర్లాలో ఒక ఇనుప ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఉందట, చూసుకుంటాను. అమ్మకింకా చెప్పలేదు. చెప్పే ధైర్యం కోసం నువ్వైనా ప్రార్థన చెయ్యి.

నీ ఫణి

*

మోవా
అక్టోబరు

ఒసే షారోనూ, నీ ప్రార్థన ఎవరికి అందిందో గానీ పని వేరేలా జరిగింది.

నన్ను మానవద్దని చెప్పడానికి హేమంత్ విమానం దిగి మా ఇంటికే వచ్చాడు. అలా అమ్మకి సంగతి తెలిసిపోయింది. నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది.

"మానేస్తావా? పేరంటం మద్దెలో ఇంటోళ్లు లెగిసి ఎలిపోతారేటే?"

"నీకు తలవంపులైపోయాయి కదమ్మా."

"అయితే? నువ్వు ఎలిపోతే తల లెగిసిపోద్దా? పిలిచినోలం మనం. ఆల పని అయ్యేదాకా కదిలీది లేదు."

ఇన్నాళ్లూ గడప దాటని మనిషి, ఎర్రటి ఎండలో భరిణె పట్టుకుని వీధిలోకి వెళ్లిపోయింది. ఫోన్లు చెడిపోయిన వాళ్లందరినీ ఇంటింటికీ వెళ్లి మళ్లీ పిలిచింది. ఏ మొహం పెట్టుకుని వచ్చావని ఎవరైనా అంటారేమోనని నాకు ఒకటే భయం. ఎవరూ అనలేదు. అందరూ వచ్చారు. హేమంత్‌ని మధ్యలో పీట మీద కూర్చోబెట్టి చుట్టూ కూర్చున్నారు. అతగాడు శనగల పొట్లం విప్పనే లేదు.

మాలతి అత్తయ్య తన ఫోను అతని చేతిలో పెట్టింది. "బాబూ, మావోడు ఖరగ్‌పూర్‌లో సదువుతన్నాడు. ఆడు మాటాడితే నాకినబడతాది. నాను మాటాడితే ఆడికి ఇనబడదు. అమ్మా, అమ్మా అని అరిసి అరిసి పెట్టేత్తాడు. ఓ పాలి నువ్వు మాటాడి సూడు."

హేమంత్ ఆ ఫోనుతో వాళ్లమ్మకి చేశాడు. ఆవిడ హలో అంటోంది, ఇతను కన్నడంలో అరుస్తున్నాడు. కాసేపటికి అటునుంచి ఆవిడ కంగారు పడటం గదిలో అందరికీ వినిపించింది. హేమంత్ ఫోను కింద పెట్టి తలొంచుకున్నాడు. ఆ తలొంచుకోవడం చూసి మొదటిసారి ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

"ఏం చెయ్యమంటారు ఆంటీ?" అన్నాడు అమ్మతో, వచ్చీరాని తెలుగులో.

"ఓ కుర్సీ వెయ్యి. బాగు సేసీ మడిసిని అందులో కూకోబెట్టు. అంతే."

దసరాకి శంకర్ నగర్‌లో రిపేరు కేంద్రం తెరిచారే. ఫోన్లన్నీ బాగయ్యాయి. మాలతి అత్తయ్య కొడుకుతో ఎంత గట్టిగా మాట్లాడుతోందంటే, ఖరగ్‌పూర్‌కి ఫోను అక్కర్లేదు. అమ్మ మళ్లీ కాలనీ అంతా తిరుగుతోంది. నేను ఉద్యోగం మానలేదు, ఉర్లా ఫ్యాక్టరీ నా చేయి దాటిపోయింది, బాధ లేదు.

నిన్న హేమంత్ ఫోను చేసి, బిలాస్‌పూర్‌లో కూడా మొదలుపెడదాం, ఆంటీని భరిణె తీసుకుని రమ్మనండి, కారు పంపిస్తాను అన్నాడు. నేను పొంగిపోయి అమ్మకి చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల కూడా ఎత్తలేదు.

"ముందు అక్కడ కుర్సీ వెయ్యమను. తరవాత బొట్టెడతాను."

అలాగే వేస్తామని హేమంత్ ఇప్పుడే మెసేజీ పెట్టాడు. ఆ మాట మెసేజీలో చెబితే అమ్మ నమ్మదట. ఇంటికొచ్చి చెప్పమంది.

నీ
ఫణిశ్రీ