వలలో పడ్డ సోడా మూత

మద్దిలపాలెం,
విశాఖపట్నం,
16 మార్చి 2003, ఆదివారం.

ఎలమంచిలి జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం బోధించు కుమారి అనూరాధ గారికి, ఆశ నమస్కరించి వ్రాయునది. ఇచ్చట మేమందరమూ క్షేమము, ఒక్క ఎలుగుబంటి తప్ప. అచ్చట మీ క్షేమమునకు జవాబు వ్రాయవలెను.

గారు అన్నందుకు నవ్వకు. ఏడు నెలలుగా మాట్లాడని మనిషిని నువ్వు అనొచ్చో లేదో తెలియక మొదటి నాలుగు ముక్కలకీ ఇస్త్రీ చేశాను. అది అయిపోయింది కనక ఇక మామూలుగా రాస్తాను.

ముందు కబుర్లు. ఈ ఏడు నెలల్లో నేను మూడు ఉద్యోగాలు మారాను. ఇప్పుడున్నది బస్సు డిపో ఎదుట కంప్యూటర్ సెంటర్లో. ఆరు కంప్యూటర్లలో నాలుగు పనిచేస్తాయి, ఆ నాలుగింటికీ నాకన్నా ఓపిక ఎక్కువ. నవీన్ స్టీల్ ప్లాంటులో అప్రెంటిస్‌గా చేరాడు, ఆ బూట్లు ఆదివారం కూడా విప్పడం లేదు. గణేష్‌కి పోర్టులో పని దొరికింది. తాతలు పడవ నడిపితే మనవడు ఒడ్డున నిలబడి ఓడలు లెక్కపెడుతున్నాడని వాళ్ల మామ్మ గంగాలమ్మ వచ్చేపోయేవాళ్లందరికీ చెబుతోంది.

మన ఆట మానలేదు. మా ఇంట్లో మాత్రం అమ్మ మాన్పించింది. ముగ్గురు చదువుకున్నవాళ్లు బల్ల చుట్టూ చేరతారు, ఒకతె కథ చెబుతుంది, మిగతా ఇద్దరూ ఆ కథలో మనుషులై ఏం చేస్తారో చెబుతారు, అది జరిగిందో లేదో పాచికలు వేసి తేల్చుకుంటారు, గెలిస్తే ఏమీ రాదు, ఓడితే ఏమీ పోదు, దీనికన్నా పేకాట నయం అని పక్కింటావిడతో అంటుంటే విన్నాను. అలా మకాం పెదజాలారిపేటలో గణేష్ వాళ్ల అరుగు మీదకి మార్చాం.

ఏమీ పోదు అన్న దగ్గర మా అమ్మ పొరపాటు పడింది. అది నీకూ నాకూ తెలుసు.

నవీన్ వాళ్ల మేనమామ ఓడ దిగుతూ తెచ్చిన ఆ నియమాల పుస్తకంలో ఎలుగుబంటి, తోడేలు, గుర్రం మాత్రమే ఉన్నాయి. మిగతా జంతువులకు వేరే పుస్తకం కొనుక్కోమని చివరి పేజీలో రాసి ఉంది. కొనుక్కోమంటే ఎక్కడ, జగదాంబ సెంటర్లోనా? అందుకని నువ్వే రాశావు. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్‌లో అరవై ఒక్క జంతువులు, ఒక్కోదాని బలం, వేగం, తిండి, భయం, అన్నీ. నేనేమో అది అక్కర్లేదన్నాను. కథ చెప్పేదాని బుర్ర చాలదా అన్నాను. పుస్తకం ఉంటే ఆడేవాళ్లు బట్టీపట్టేస్తారు, పులి ఎదురైతే భయపడడం మానేసి పేజీ నంబరు చెబుతారు అన్నాను. ఇది రికార్డు బుక్కు కాదు, కథ అని కూడా అన్నాను. అప్పుడు నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది: పుస్తకం లేకపోతే ప్రతి జంతువూ తోలు కప్పుకున్న ఆశే అవుతుంది.

ఆ వారమే కదా, ఏడాది పాటు నువ్వు ఆడిన వైద్యురాలిని లోతులేని నీళ్లలో టేకు చేప చేత కరిపించి చంపాను. టేకు కరవదు, తోకలో ముల్లుంటుంది, దాంతో పొడుస్తుంది అని నువ్వు. నా కథలో కరుస్తుంది అని నేను. నువ్వు పాచికలు బల్ల మీద పెట్టేశావు. పది రోజులకి ఎలమంచిలి బస్సెక్కావు. నీ నోట్‌బుక్ ఆ బస్సులోనే పోయిందని తర్వాత నవీన్ చెప్పాడు.

నువ్వు వెళ్లాక జంతువులు ఎలా ఉన్నాయో చెప్పాలి. బాగాలేవు. తోడేలు ఎదురుగా వచ్చి కరిచింది. కాకి ఎదురుగా వచ్చి కరిచింది. కుందేలు కూడా ఎదురుగా వచ్చి కరిచింది. సంక్రాంతి సెలవుల్లో ఒక ఎలుగుబంటిని దింపాను. గుహలో వాళ్ల మాట నచ్చక మధ్యలో లేచి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. బావా, ఈ ఎలుగు అచ్చం ఆశేరా అని నవీన్ గణేష్ చెవిలో అన్నాడు. నాకు వినిపించేటట్టే అన్నాడు.

ఇక పోయిన ఆదివారం సంగతి.

కథలో అందరూ పడవలో ఉన్నారు. వల బరువెక్కింది, ఈడ్చారు. ఏముందో చెప్పమన్నారు. బొమ్మలు లేవు కదా, ఒక సోడా మూత బోర్లించి పెట్టి, పడవంత తాబేలు, నోరు తెరిచింది, మనుషుల్ని తింటుంది అన్నాను. నవీన్ బల్లెం తీశాడు. గణేష్ పాచికలు జేబులో వేసుకున్నాడు. తాను కొట్టడట. ఇది నిజం తాబేలు కాదు, ఆట తాబేలు అని నచ్చజెప్పాను.

"ఆట ఆటే గానీ సెయ్యి నాదే కదేటి," అన్నాడు.

గంగాలమ్మ మామ్మ అరుగు చివర కత్తిపీట మీద చేపలు కోస్తోంది. ఇన్నాళ్లూ మన ఆటని ఏదో ట్యూషన్ అనుకుంటున్న మనిషి. వల, తాబేలు అన్న రెండు మాటలు ఆమె చెవిన పడ్డాయి. చేతులు కడుక్కుని వచ్చి, తాబేలేదీ అని అడిగింది. నవీన్ సోడా మూత చూపించాడు. అదేం చేసిందని అడిగింది. మనుషుల్ని తింటోందని నేనే చెప్పాల్సొచ్చింది.

"తాబేలు మనిషిని తింతాదేటే? ఎవులు సెప్పేరు నీకు?"

డిగ్రీ చదివినదాన్ని, నియమాల పుస్తకం చివరి పేజీ తిప్పి చూశాను.

ఆమె లోపలికెళ్లి పసుపు, కుంకుమ తెచ్చింది. వలలో తాబేలు పడితే శ్రీకూర్మం సామి పడ్డట్టే, బొట్టుపెట్టి సముద్రంలో వదిలేదాకా ఆ ఇంటివాళ్లు వేరే పని ముట్టరట. ఆట వల అయినా వలేనట. సోడా మూతకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, గణేష్ అరచేతిలో ఉంచింది. వాడు ముందు, వెనక మామ్మ, ఆ వెనక బూట్లు చేత్తో పట్టుకుని నవీన్, అందరికన్నా చివర నేను. వలలు బాగుచేసుకుంటున్న తవిటయ్య మావ ఏటి ఊరేగింపు అని అడిగితే, తాబేలు పడింది అని మామ్మ చెప్పింది. ఆయన మూతకేసి చూసి, మారుమాట లేకుండా దణ్ణం పెట్టాడు.

గణేష్ నీళ్లలో వదిలాడు. అల తెచ్చి నా కాళ్ల దగ్గర పడేసింది. మళ్లీ వదిలాడు, మళ్లీ నా దగ్గరికే. మూడోసారీ అంతే. నోరు తెరిసిందని అబద్దం ఆడిందాన్ని అది వదలదు, తప్పైపోనాదని మొక్కు అంది మామ్మ. సగం పేట చూస్తుండగా నేను వంగి ఒక సోడా మూతకి క్షమాపణ చెప్పుకున్నాను. నాలుగో అల తీసుకుపోయింది.

తిరిగొచ్చాక ఆమె మళ్లీ కత్తిపీట దగ్గర కూర్చుంది. ఇంకేం జంతువుల్ని పాడుచేశావని నన్ను అడిగింది. కోపంతో పడవ వెంట మైళ్లు తరిమిన నా సొరచేప సంగతి చెప్పాను. ఆమె చేతిలో చేప ఆగింది.

"సొరకి కోపాలూ తాపాలూ ఉండవే. ఆకలేత్తే వస్తాది, కడుపు నిండితే పోతాది. కోపాలన్నీ మనకే."

నవీన్ అప్పుడు నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది.

ఇప్పుడు చిక్కేమిటంటే ఆట ఆగిపోయింది. జంతువుల పుస్తకం వచ్చేదాకా పాచికలు ముట్టనని గణేష్. వాడు ముట్టకపోతే తానూ ముట్టనని నవీన్. ఇలాగే ఇంకో రెండు ఆదివారాలు పోతే ఎవరి షిఫ్టులు వాళ్లవి, ఎవరి దారి వాళ్లది. ఆ అరుగు ఒక్కటీ లేకపోతే నాకు ఈ ఊళ్లో కంప్యూటర్ సెంటరు తప్ప ఏం మిగలదు. మామ్మని అడిగి నేనే రాసుకుందామని కూర్చున్నాను. ఆమె సొర ఆకలి చెబుతుంది గానీ దాని బలం ఎంత అంటే, నీకంటే ఎక్కువే అంటుంది. పాచికల మీద అది ఎంత అవుతుందో నాకు తెలీదు. నీకు తెలుసు.

ఇంతమాత్రాన వాదనలో ఓడిపోయానని రాయడం లేదు. పుస్తకం కథ చెప్పదు, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కాకపోతే జంతువుకి దాని బుద్ధి దానికి ఉంటుంది, దాని గురించి తెలిసినవాళ్లు పక్కనుండాలి అంటున్నాను. నీ దృష్టిలో రెండూ ఒకటే అయితే అది నీ ఇష్టం.

వచ్చే ఆదివారం పొద్దున్న ప్యాసింజరుకి రా. స్టేషన్‌కి నేనే వస్తాను. అలిగి మధ్యలో వెళ్లిపోను.

ఇట్లు,
సోడా మూతకి మొక్కిన నీ నేస్తం,
ఆశ.

తా.క.: నీ నోట్‌బుక్ బస్సులో పోలేదు. ఆ రోజు మాట్లాడకపోయినా నీ సంచి మోసుకుంటూ డిపోకి వచ్చాను కదా, నువ్వు బిస్కెట్లు కొనుక్కోవడానికి వెళ్లినప్పుడు అందులోంచి తీసేశాను. పారేద్దామనే తీశాను. నీ బస్సు మలుపు తిరక్కుండానే చదవడం మొదలుపెట్టాను. పద్దెనిమిదో పేజీ, తాబేలు: "ఎవరి మీదా పడదు, మనమే దాని మీద పడతాం." అది చదివి, తెలిసే, నోరు తెరిపించాను. పుస్తకం లేకుండా నడపగలనని నాకు నేను చూపించుకోవడానికి. పసుపు కుంకుమల సంగతి నీ పుస్తకంలో లేదు, పెన్సిల్‌తో కింద చేర్చాను. సొర నీ అరవై ఒకటిలో లేదు, దానికి కొత్త పేజీ వేసి ఆకలి రాశాను, బలం ఖాళీగా ఉంచాను.

టేకు చేప పేజీ కిందటి నెల దాకా తెరవడానికి ధైర్యం చాల్లేదు. అక్కడ నువ్వు రాసింది చూశాను: ముల్లు గుచ్చితే కాలు వేడినీళ్లలో పెట్టి ఉంచాలి. అంటే నీ పుస్తకం ప్రకారం నీ వైద్యురాలు చావలేదు. ఏడు నెలలుగా ఒడ్డున కూర్చుని ఆ వేడినీళ్ల కోసం చూస్తోంది. నోట్‌బుక్ పోస్టులో పంపను, పంపితే నువ్వు రావు. ఇదంతా గంగాలమ్మ మామ్మకి చెప్పేశాను. ఆదివారానికి పొయ్యి ఇస్తానంది, వేడినీళ్లు మాత్రం నన్నే కాయమంది.