కోటు లైనింగు గురించి సంజాయిషీ

మొక్పో, దక్షిణ కొరియా,
నవంబరు 12.

ప్రొఫెసర్ నామ్‌గుంగ్ గారికి,

ఆన్‌లైన్‌లో ఎం.ఏ. ఫిలాసఫీ చదువుతున్న మీ విద్యార్థిని నమస్కరించి రాయునది.

మంగళవారం క్లాసులో నా ప్రసంగానికి మీరు ఎ ప్లస్ ఇచ్చారు. 'ఒక భాగం మారాక కూడా వస్తువు అదేనా అన్న ప్రశ్నను నాటకంలా రక్తి కట్టించారు' అని మెచ్చుకున్నారు. అయ్యా, అది నాటకం కాదు, కొట్లాట.

మీరు పిలిచారని మైకు ఆన్ చేశానో లేదో, గుమ్‌రే అక్క నా కుట్టు దుకాణంలోకి వచ్చిపడింది. చనిపోయిన భర్త కోటుకు చిరిగిన లైనింగు మార్చమన్నది ఆవిడే. తీరా మార్చాక, "ఇది మా ఆయన కోటు కాదే!" అని లంకించుకుంది.

"గుడ్డ అదే, గుండీలు అవే. ఇంకెవరి కోటక్కా, మేయరుదా?" అన్నాను.

"ఆయన వాసనంతా ఆ లైనింగులోనే ఉందే, మొద్దూ!"

దానికి నా దగ్గర జవాబు లేదు. మీరేమో 'చివర ఆ మౌనం అద్భుతం' అని రాశారు.

తర్వాత పీలికల సంచి బోర్లించి, పాత లైనింగు వెతికి, మళ్లీ లోపల కుట్టి ఇచ్చాను. అక్క అందులో ముఖం దాచుకుని, "ఇదిగో, ఇక్కడున్నాడు! సిగరెట్లు మానేశానని నా మీద ఒట్టు వేశాడే, దొంగ!" అంటూ ఏడ్చింది, నవ్వింది.

కనుక ఎ ప్లస్ వెనక్కి తీసుకోండి. నేను రాసుకున్న అసలు ప్రసంగం ఇరవై పేజీలుంది. అందులో వాసన గురించి ఒక్క ముక్క లేదు. మళ్లీ రాసుకోవడానికి వారం గడువు ఇప్పించ ప్రార్థన.

ఇట్లు,
సిగ్గుపడుతున్న మీ విద్యార్థిని